మూడో చక్రం

గిద్దలూరు,
జూలై 6.

కృపమ్మకు గౌస్ మామ దువాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో పోస్ట్‌మ్యాన్ గడప ముందు నిలబడితే ముందు బ్యాంకు నోటీసనుకుంటారు, కాదంటే చావు కబురనుకుంటారు. ఇది రెండూ కాదు, చక్రాల సంగతి.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ బ్రహ్మం నీకు గుర్తుండే ఉంటాడు. మీ నాయన సుందరరాజూ నేనూ ఇరవై ఏళ్లు పలకలు ఏరింది వాళ్ల గోడౌన్‌లోనే. ఆ బ్రహ్మం ఇప్పుడు బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు. ఇంట్లో ఐదుగురున్నారు, మిగతా ముగ్గురూ గేటు దగ్గర నిలబడి టాటా చెప్పాలి. బండి ఎంత కిందికి ఉంటుందంటే, స్పీడ్ బ్రేకర్ వస్తే ఆయన దిగి, వంగి చూసుకుని, మళ్లీ ఎక్కి దాటిస్తాడు. పోయిన నెల దిగువమెట్ట ఘాట్‌లో గుంతల్లో పడి చక్రాలు సొట్టపోయాయి. కంపెనీ చక్రాలు రావాలంటే నాలుగు నెలలు ఆగాలట. ఆయన నాలుగు రోజులు ఆగే మనిషి కాదు.

మా రియాజ్ ఢిల్లీ నుంచి వేరే అల్లాయ్ చక్రాలు తెప్పిస్తానని మాటిచ్చాడు. బ్రహ్మం ఒకటే అన్నాడు. "యాడినుంచన్నా తెప్పీ రియాజూ. మీ నాయన కొట్టి చూసి బాగుందంటేనే నా బండికి ఎక్కేది."

ఈ ఊళ్లో టైర్ల దుకాణం పెట్టిన ఇరవై రెండేళ్ల నుంచీ అదే ఆనవాయితీ అయిపోయింది. చక్రాన్ని తాడుకు వేలాడదీసి చెక్క సుత్తితో కొడతాను. గంటలా సాగితే మంచిది, చప్పగా ఆగిపోతే లోపల పగులుంది. పలకకు వేలి కణుపుతో చేసిన పనే చక్రానికి సుత్తితో చేస్తున్నాను. గోడౌన్ రోజుల్లో నువ్వు ఏడేళ్ల పిల్లవు, బడి వదలగానే మా మధ్య కూర్చుని నువ్వూ కొట్టేదానివి. పగులు పలక తగిలితే మూతి వంకర పెట్టేదానివి. మద్రాసు బేరగాడు పలకను చూడడం మానేసి నీ మూతి చూసేవాడు. మీ నాయన నిన్ను బయటికి తోలేవాడు. కొట్టినవాడు నోరు విప్పేదాకా పక్కవాడి ముఖం కదలకూడదని మన గోడౌన్ చట్టం. రియాజుకూ అదే నేర్పాను.

నువ్వు చక్రాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తున్నావు కదా. చెవితో కాకుండా మీరు ఇంకా ఏమేం చూస్తారో విడమరచి రాయి. ముసలితనంలో చదువుకోవాలని బుద్ధి పుట్టింది.

ఫోన్ చేయకు. దుకాణంలో కంప్రెసర్ మోతకు ఏమీ వినపడి చావదు. రియాజ్ ఫోన్‌కు మెసేజ్ కూడా పెట్టకు, వాడు నాకు పాఠం చెప్పడం మొదలుపెడతాడు. ఉత్తరమే రాయి.

మీ ఖాతూన్‌బీ అత్త నీకోసం గోరుచిక్కుడు వరుగు ఎండబెడుతోంది.

నీ మామ,
గౌస్ మొహిద్దీన్.


హోసూరు,
జూలై 15.

గౌస్ మామా,

నీ ఉత్తరాన్ని హాస్టల్ వాచ్‌మన్ రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆయన చేరాక ఇక్కడికి వచ్చిన మొదటి ఉత్తరమట. షిఫ్టు దిగి, స్నానం చేసి, తినకుండానే రాస్తున్నాను. తింటే నిద్రపోతాను. ఈ మధ్య కూర్చున్న చోటే కళ్లు మూతలు పడుతున్నాయి.

చక్రం చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పు. ముఖం వైపు ఎవరైనా మెరుగు పెడతారు, వెనక కూడా పట్టించుకున్నవాడే పనివాడు. కొలతలు, అది మోయగలిగే బరువు అక్కడ లోహంలోనే పోతపోసి ఉండాలి. స్టిక్కర్ అంటించి ఉంటే ఆ చక్రాన్ని గడప తొక్కనివ్వకు. కారు బరువు ఏ ఇరుసు మీద ఎక్కువ పడుతుందో కనుక్కో. అందులో సగమైనా ఒక్కో చక్రం మోయాలి. తర్వాత నడిమి బొక్క చూడు. అది హబ్ మీద బిగుతుగా కూర్చోవాలి. వదులైతే రింగు వేయించు, లేకపోతే స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది. బోల్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉండి బోల్టు కోసుగా ఉంటే ఎంత బిగించినా నిలవదు. ఇంకొకటి, చక్రాన్ని తిప్పుతూ అంచు పక్కన పెన్సిల్ కదలకుండా పట్టుకో. మధ్యలో సందు పెరిగి తగ్గుతుంటే వంకర ఉన్నట్టు.

ఇందులో సగం నీకు తెలిసినవే. పగుళ్లు, పోతలో పడిన గాలి బుడగలు మాత్రం మేం ఎక్స్‌రేలో చూస్తాం. నీకు చెవి ఉంది. మా మిషను కన్నా నీ చెవికి సర్వీసు ఎక్కువ.

నా పని బాగానే ఉంది. రోజుకు ఆరేడు వందల చక్రాలు కళ్ల ముందు నుంచి పోతాయి. సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు ఒక్కోదాన్ని కణుపుతో కొట్టి చూస్తాను. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంకా ఆ చక్రాలకాడే ఉండావా పాపా" అని అడుగుతుంది. ఉన్నానంటాను.

వరుగు కాస్త ఎక్కువ పంపమని అత్తకు చెప్పు. ఇక్కడి సాంబారులో ముక్క కోసం వెతుక్కోవాలి.

కృప.


గిద్దలూరు,
ఆగస్టు 2.

కృపమ్మకు,

చక్రాలు వచ్చాయి. నువ్వు రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. వెనక అక్షరాలు పోతలోవే, గోటితో గీకినా పోలేదు. బరువు సరిపోయింది. నడిమి బొక్క వదులుగా ఉంది, లేత్ మిషను కరుణాకరం దగ్గర రింగులు తిప్పించాను. బోల్టులు కుదిరాయి. పెన్సిల్ పెట్టి తిప్పితే సందు మారలేదు. రంగు మాత్రం మందంగా పూశారు. అంత మందం నాకు నచ్చలేదు. ఎండకు పెట్టి చూస్తే మెరుపులో ఏమీ కనపడలేదు.

ఎక్స్‌రే లేని ఊళ్లో పగులును కంటితో పట్టే ఉపాయం ఏదైనా ఉందా? ఉంటే ఆలస్యం చేయకుండా రాయి.

ఇక్కడ వాన పట్టింది. ఒళ్లు బరువుగా ఉంటోంది. రియాజుకు నామీద కోపం. నిన్న భోజనం దగ్గర వాళ్లమ్మతో అంటున్నాడు, "పిలిస్తే పలకడు. పెద్దోడనే గర్వం ఎక్కువైంది ఈయనకు." అన్నీ నా ఎదురుగానే అంటాడు. నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఈ మధ్య జవాబు చెప్పే ఓపిక కూడా ఉండడం లేదు.

నీ మామ.


హోసూరు,
ఆగస్టు 11.

గౌస్ మామా,

ఉపాయం ఉంది. మా ట్రైనింగ్‌లో ఒక ముసలి ఫోర్‌మన్ చూపించాడు. టైరు విప్పేయి. చువ్వలు నడిమి దిమ్మెలో కలిసే చోట రంగు పూర్తిగా ఊడగొట్టు. రంగు ఉంటే పగులు దాని కింద హాయిగా దాక్కుంటుంది. అక్కడ కిరసనాయిలు పూసి అరగంట ఆగు. గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లు. పగులుంటే లోపలికి పోయిన నూనె మెల్లగా బయటికి వచ్చి సుద్ద మీద తడి గీత పడుతుంది. లోహం లోతున ఉన్నది దీనికి దొరకదు, పైకి తేలిన పగులు మాత్రం తప్పించుకోదు. రంగు ఊడిన చక్రాన్ని రియాజ్ మళ్లీ అమ్మలేనని గోల చేస్తాడు. చేయనీ.

ఇప్పుడు నా ప్రశ్న. నీ ఉత్తరంలో అక్షరాలున్నాయి, బరువుంది, రింగులున్నాయి, పెన్సిల్ ఉంది. మోత గురించి ఒక్క ముక్క లేదు. సైకిల్ చక్రం చేతికిచ్చినా ముందు కొట్టి చూసే మనిషివి. నిన్న ఉజ్మాతో మాట్లాడాను. మీ కూతురు అబద్ధం చెప్పదు. కంప్రెసర్‌ను వెనక షెడ్డులోకి మార్చి ఏడాది దాటిందట. మరి ఫోన్‌లో వినపడనివ్వని మోత ఏది మామా?

నువ్వు ఊరికే చెప్పవని తెలుసు. అందుకని ముందు నాది చెబుతాను. ఏప్రిల్ నుంచి నేను తనిఖీలో లేను. ప్యాకింగ్‌లో ఉన్నాను. వరుసగా రెండు షిఫ్టులు చేసిన రోజు, చివరి గంటలో ఒక చక్రం నా ముందు నుంచి పోయింది. ఎక్స్‌రే బొమ్మలో చువ్వ మొదట్లో గీత ఉంది. నా కళ్లు ఆ గీతను చూశాయి, నా వేలు మాత్రం పాస్ బటన్ నొక్కింది. ఎందుకు నొక్కానో ఇప్పటికీ తెలియదు. అలిసిపోయాను, అంతే. కారుకు ఎక్కకముందే కార్ల కంపెనీవాళ్లు పట్టుకున్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మెమో ఇచ్చి, అట్టపెట్టెలకు టేపు అంటించే పనిలో వేశారు. పోయిన ఉత్తరంలో నా పని గురించి నీకు రాసినదంతా పాత సంగతి. అమ్మకు చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది మామా. రోజూ సిగ్గుగా ఉంది.

నాది అయిపోయింది. నీది చెప్పు.

కృప.


గిద్దలూరు,
ఆగస్టు 19.

కృపమ్మా,

వినపడదు.

ఎడమ చెవి పోయి మూడేళ్లయింది. కుడిది పోయిన రంజాన్ నుంచి పూర్తిగా మూసుకుంది. మసీదు మైకు పక్కనే ఉన్నా అజాన్ తెలియడం లేదు, మీ అత్త వచ్చి భుజం తడుతుంది. తెలిసింది ఆమె ఒక్కదానికే. మిగతావాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. దుకాణానికి వచ్చేవాడు అడిగేది నాలుగు మాటలే కదా. రియాజ్ వెనక నుంచి పిలుస్తాడు, నేను పలకను. దానికి వాడు గర్వమని పేరు పెట్టాడు. చెవిటితనం కన్నా ఆ పేరే నయమనిపించింది.

నీకు దాచింది ఇంకోటుంది. నేను ఆ రెండో తేదీ ఉత్తరం రాసేనాటికే పని అయిపోయింది. ఒకటో తేదీన బ్రహ్మం కూతురు సుప్రియను వెంటబెట్టుకుని వచ్చాడు. టీ బంకు దగ్గరివాళ్లూ చుట్టూ చేరారు. ఎర్ర కారు చక్రాలను గౌస్ కొడతాడంటే అది వాళ్లకొక తమాషా. నాలుగింటినీ ఒక్కొక్కటిగా వేలాడదీశాం. కొట్టాను. సుత్తి తగిలిన అదురు అరచేతికి తెలిసింది, మోత తెలియలేదు. ఎదురుగా రియాజ్ ఉన్నాడు. వాడి చెవులు మంచివి. పగులుంటే వాడి ముఖం మారుతుంది కదా అనుకుని, కొట్టిన ప్రతిసారీ వాడి ముఖమే చూశాను. నాలుగింటికీ మారలేదు. నాలుగుసార్లూ బాగుందన్నాను.

ఆ సాయంత్రమే చక్రాలు ఎక్కించాం. వానలని బ్రహ్మం కారును మార్కాపురంలో ఫ్యాక్టరీ షెడ్డులో గుడ్డ కప్పి పెట్టాడు. ముప్పై ఒకటో తేదీన సుప్రియకు నంద్యాలలో పరీక్ష. ఘాట్ మీదుగా కూతుర్ని ఆ కారులోనే తీసుకుపోతాడట. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "థ్యాంక్స్ తాతా" అంది. పెదాలను బట్టి తెలిసింది. అప్పటి నుంచి ఆ పెదాలే కళ్లలో ఉన్నాయి.

నువ్వు రాసిన సుద్దపొడి ఉపాయానికి చక్రాలు విప్పాలి. విప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే దుకాణం ఏమవుతుందోనని కాదు కృపమ్మా. దుకాణం రియాజుది, వాడు చూసుకుంటాడు. నేను కొట్టి చెబుతాననే కదా ఈ ఊళ్లో నాకు ఒక కుర్చీ వేస్తున్నారు. అది పోతే నేనేం చేయాలి? రోజూ పొద్దున సుత్తి తీసి తుడుస్తాను, మళ్లీ గూట్లో పెడతాను. విసుగొచ్చింది నాకు నామీద.

నీ మామ.


హోసూరు,
ఆగస్టు 23.

మామా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తిట్టడానికి టైము లేదు.

రియాజ్ ముఖం ఎందుకు మారుతుంది? కదలకూడదని నేర్పింది నువ్వే కదా. బేరగాడు ఎదురుగా ఉన్నాడు, నువ్వింకా నోరు విప్పలేదు. నువ్వు పెంచిన పిల్లవాడు రాయిలా నిలబడక ఇంకెట్లా ఉంటాడు? నన్ను ఆ చట్టం కిందే బయటికి తోలారు. నువ్వు చదివిన ముఖంలో నువ్వు రాసిందే ఉంది.

రియాజ్ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. ఈ మాట నా నోటి నుంచి వాడికి చేరితే, నువ్వు ఇంకెప్పటికీ వాడి ముఖం చూడలేవు. నువ్వే చెప్పాలి. ముందు వాడికి, తర్వాత బ్రహ్మానికి.

చక్రాలు కిందికి దిగగానే నీ కీప్యాడ్ ఫోన్ నుంచి నాకు మిస్డ్ కాల్ ఇవ్వు. నువ్వేమీ వినక్కర్లేదు, పచ్చ బటన్ నొక్కితే చాలు. ఇరవై ఎనిమిది సాయంత్రం ఆరింటిదాకా చూస్తాను. రాకపోతే ఆరూ ఒకటికి బ్రహ్మానికి నేనే ఫోన్ చేస్తాను. నీమీద ప్రేమ లేక కాదు. నేను ఒకసారి పాస్ బటన్ నొక్కినదాన్ని. రెండోసారి నొక్కలేను.

కృప.


గిద్దలూరు,
సెప్టెంబర్ 4.

కృపమ్మకు గౌస్ మామ దువాలు.

ఇరవై ఏడు మధ్యాహ్నం నాలుగింటికి నీకు మిస్డ్ కాల్ చేరి ఉండాలి. నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, కట్ చేశాను. నువ్వు ఎత్తావో లేదో నాకు తెలిసే దారి లేదు. ఉత్తరం రాయడానికి వారం పట్టింది. ఇన్నాళ్లూ అలసిపోయి పడుకున్నాను.

ఆ రోజు పొద్దున దుకాణం తెరవకముందే రియాజును కూర్చోబెట్టాను. "నాకు వినపడదురా. ఆ చక్రాలు వినకుండానే బాగున్నాయన్నాను" అని చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు, ఎదురు కొట్టు సుబ్బయ్య తొంగి చూశాడంటే గట్టిగానే ఉండి ఉంటుంది. రియాజ్ నా చెవుల వైపే చూశాడు. తర్వాత లేచి జాకీ, పానాలు, టైరు విప్పే కమ్ములు వ్యాన్‌లో వేశాడు. మార్కాపురం చేరేదాకా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

బ్రహ్మానికి షెడ్డులోనే చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. అరుస్తున్నాడని తెలిసింది గాని సగం మాటలు అందలేదు. అందకపోవడం ఆ ఒక్కసారికి మేలైంది. చివరికి నా ఎదురుగా వచ్చి, నాకు అర్థమయ్యేలా మెల్లగా అన్నాడు. "నా బిడ్డను ఎక్కిచ్చుకొని పోతా ఉంటి గౌస్ భాయ్." అది మాత్రం పూర్తిగా అందింది. నేను చేతులు జోడించాను. అంతకు మించి నా దగ్గర ఏముంది?

నాలుగు చక్రాలూ దించి, టైర్లు విప్పి, చువ్వల మొదట్లో రంగు ఊడగొట్టాం. కిరసనాయిలు పూసి అరగంట ఆగాం. సుద్దపొడి ఆ ఫ్యాక్టరీలోనే దొరికింది. మొదటిది తెల్లగానే ఉంది, రెండోదీ తెల్లగానే ఉంది. మూడోదాని మీద ఒక చువ్వ మొదట్లో వెంట్రుకంత గీత తడిగా తేలింది. చూస్తుండగానే రెండు వేళ్ల పొడవు సాగింది. సుప్రియ పక్కనే నిలబడి చూసింది. ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుంది. నాలుగోదానిలో ఏమీ లేదు.

అప్పుడు రియాజ్ నేలమీద కూలబడ్డాడు. వాడు ఏడుస్తూ ఏదో చెబుతున్నాడు. ఏడ్చేవాడి పెదాలు వణుకుతాయి, నాకు ఒక్క మాటా అందలేదు. ఏందిరా అని మళ్లీ మళ్లీ అడిగాను. వాడు చుట్టూ చూసి, కట్టలోంచి ఒక పలక లాగి, బలపంతో రాసి నా ముందు పెట్టాడు.

"మూడోది ఆ రోజే చప్పగా మోగింది. నువ్వు బాగుందంటివి. నా చెవే తప్పనుకొన్నా నాయనా."

నేను వాడి ముఖాన్ని నమ్మాను, వాడు నా మాటను నమ్మాడు. మధ్యలో చక్రం నిజమే చెప్పింది. విన్నవాడు ఒకడుండి కూడా లాభం లేకపోయింది. పగులు కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వాడు నామీద కోప్పడి ఉంటే బాగుండేది. పలక తుడిచి జేబురుమాలు నాకే ఇచ్చాడు, నేనూ ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

నాలుగు చక్రాలనూ వెనక్కి పంపలేదు. పంపితే వాటికి రంగు పూసి ఇంకెవరికో అంటగడతారు. అక్కడే సమ్మెటతో పగలగొట్టించాను. కంపెనీ చక్రాలు వచ్చేదాకా కారు రాళ్లమీద నిలబడి ఉంటుంది. సుప్రియ బస్సులో పోయి పరీక్ష రాసి వచ్చింది. బ్రహ్మం ఇంకా మా దుకాణం వైపు రాలేదు. ఊళ్లో కొందరు నన్ను చూసి చెవి చూపించుకుని నవ్వుతున్నారు. కొందరు రావడం మానేశారు. వస్తారో రారో, ఎదురుచూసే ఓపిక నాకు లేదు. ఉజ్మా నంద్యాల నుంచి వచ్చి చెవి మిషను పెట్టిస్తానంటోంది. పెట్టించుకుంటాను.

మీ అమ్మకు నీ సంగతి చెప్పు. వెంకాయమ్మ రాయిలాంటి మనిషి, నువ్వు అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నావంటే కూలిపోదు. చెప్పాక రెండు రోజులు ఒళ్లు తెలియకుండా నిద్రపోతావు. నేను అట్లాగే నిద్రపోయాను.

దుకాణంలో గోడౌన్ చట్టం రద్దు చేశాను. ఇప్పుడు సుత్తి రియాజ్ చేతిలో ఉంటుంది. నేను చక్రం వేలాడే తాడు మీద అరచెయ్యి ఆనించి, ఎదురుగా నిలబడతాను. వాడు ముఖం దాచుకోకూడదని చెప్పాను. మొదట్లో చేతకాలేదు, ఇరవై ఏళ్ల అలవాటు. నిన్న కంభం నుంచి ఒకాయన జీపు చక్రాలు తెచ్చాడు. రియాజ్ రెండోదాన్ని కొట్టి, బేరగాడు చూస్తుండగానే మూతి వంకర పెట్టాడు. అచ్చం ఏడేళ్లప్పుడు నువ్వు పెట్టినట్టే పెట్టాడు. ఆ చక్రాన్ని పక్కన పెట్టించాను.

నీ మామ,
గౌస్ మొహిద్దీన్.